దెయ్యం కనిపించని దెయ్యం సినిమా: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

గత సంచికలో ‘ద బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ అనే అమెరికన్ చిత్రాన్ని పరిచయం చేసిన తర్వాత వచ్చిన ఉత్తరాల్లో మెచ్చుకున్నవాటి కంటే మండిపడినవే ఎక్కువగా ఉన్నాయి. డేనియల్ మైరిక్, ఎడ్వర్డో సాంచెజ్ అనే ఇద్దరు యువకులు అతి తక్కువ ఖర్చుతో తీసిన ఈ చిత్రం 1999లో విడుదలైంది. మంత్రగత్తె కథ మీద డాక్యుమెంటరీ తీయాలని మేరీలాండ్ అడవిలోకి వెళ్ళిన ముగ్గురు విద్యార్థులు మాయమైపోతారు. ఏడాది తర్వాత దొరికిన వారి కెమెరా రీళ్ళే మనం చూసే సినిమా. ఉత్తరాల్లో నుంచి కొన్నింటిని ఎంచి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. ముగింపు ప్రస్తావన కూడా వస్తుంది కాబట్టి చిత్రం చూడనివారు గమనించగలరు.

ప్రశ్న: మీ మాట నమ్మి ఎనభై నిమిషాల పైచిలుకు ఓపిగ్గా చూశాను. దెయ్యం లేదు, మంత్రగత్తె లేదు. ముగ్గురు దారి తప్పి ఒకరినొకరు తిట్టుకోవడం తప్ప ఏమీ జరగలేదు. చివర్లో ఒకతను గోడ మూలకు తిరిగి నిలబడతాడు, అంతటితో సినిమా అయిపోతుంది. ఇందులో గొప్పేమిటి? (ఒక పాఠకుడు, గుంటూరు)

జవాబు: చిత్రంలో ఏముందో మీరు ఉన్నదున్నట్టు చెప్పారు. దాన్ని నెత్తిన పెట్టుకునేవారిని అడిగినా కథ ఇంతే చెబుతారు. తేడా అంతా ఆ ‘ఏమీ జరగలేదు’ అన్నచోటే వస్తుంది.

మన దెయ్యం సినిమాలకు ఒక న్యాయం ఉంది. దెయ్యమంటే తీరని బాకీతో పోయిన మనిషి. సగం దాటాక ఫ్లాష్‌బ్యాక్ వస్తుంది, అన్యాయం ఎవరు చేశారో తెలుస్తుంది, చివరికి లెక్క తేలుతుంది. 2009లో ‘అరుంధతి’ని అంతమంది చూడటానికి గ్రాఫిక్సు ఎంత కారణమో, లెక్క పూర్తిగా తేలడమూ అంతే కారణమని నా అభిప్రాయం. అలాంటి చిత్రాలతో పెరిగిన ప్రేక్షకుడు బాకీ తేల్చకుండా లేచిపోయే కథను చూసి మోసపోయానని అనుకోవడం సహజమే.

అయితే ఈ చిత్రంలో ఫ్లాష్‌బ్యాక్ లేదనుకోవడం మాత్రం సరికాదు. మొదట్లో బర్కిట్స్‌విల్ అనే ఊరి జనం కెమెరా ముందుకు వచ్చి తలా ఒక ముక్క చెబుతారు. ఒకరు నవ్వుతూ, ఒకరు చంటిపిల్లను ఎత్తుకుని, మరొకరు సగం నమ్మీ నమ్మకుండా చెప్పే ఆ ముక్కలే ఫ్లాష్‌బ్యాక్. 1940లలో పిల్లలను చంపిన ఒక హంతకుడు ఒకరిని చంపుతున్నప్పుడు రెండో బిడ్డను గోడ మూలకు తిప్పి నిలబెట్టేవాడని వారిలో ఒకరు చెబుతారు. ఆ ఒక్క వాక్యం చెవిన పడకపోతే చివరి దృశ్యానికి అర్థమే ఉండదు. మొదట తయారైన ప్రతిలో ఆ వాక్యం లేదు. ముగింపు ఎవరికీ అర్థం కావడం లేదని పంపిణీ సంస్థ ఆందోళన పడితే, దర్శకులు వేరే ముగింపులు కొన్ని తీసి చూసి, పాతదాన్నే ఉంచుకుని, దానికి దారి చూపే ఆ మాటను మాత్రం తర్వాత చిత్రీకరించి చేర్చారు. అంటే మీ ఫిర్యాదు విడుదలకు ముందే వారికి చేరిందన్నమాట. మొదటి ఇరవై నిమిషాలు మరొకసారి చూడండి. అప్పటికీ నచ్చకపోతే మీ తీర్పుకు అడ్డు చెప్పేవారు ఉండరు.

ఇక్కడ పొగిడేవారికి కూడా ఒక మాట చెప్పాలి. మంత్రగత్తెను ఒక్కసారైనా చూపకపోవడం దర్శకుల గొప్ప నిగ్రహమని చాలామంది రాస్తారు. ఒక రాత్రి గుడారం కదిలిపోయి ముగ్గురూ బయటికి పరుగెత్తుతుండగా వారిలోని అమ్మాయి హెదర్ పక్కకు చూసి అదేమిటని కేకపెట్టే దృశ్యం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ పక్కన నిజంగానే చిత్ర బృందంలోని మనిషి ఒకరు తెల్లని దుస్తుల్లో నిలబడి ఉన్నారు. పరుగులో కెమెరా అటు తిరగలేదు, అందుకే తెర మీదికి రాలేదు. నిగ్రహంలో కొంత వాటా కెమెరా తిరగకపోవడానికీ ఇవ్వాలి. ఆ తర్వాత దాన్ని మళ్ళీ తీయకుండా వదిలేయడం మాత్రం దర్శకుల నిర్ణయమే.

ప్రశ్న: పత్రికల సమీక్షకులు ఆకాశానికి ఎత్తారు, మామూలు ప్రేక్షకులు తిట్టిపోశారు. ఎవరి అభిప్రాయం నమ్మాలి? (ఒక పాఠకురాలు, వరంగల్)

జవాబు: మీరన్న తేడా నిజమే. పేరుపొందిన విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఈ చిత్రానికి నాలుగుకు నాలుగు నక్షత్రాలు ఇచ్చారు. థియేటర్ నుంచి బయటికి వచ్చే ప్రేక్షకుల చేతికి కార్డు ఇచ్చి మార్కులు వేయించుకునే సినిమాస్కోర్ అనే సంస్థ లెక్కలో దీనికి వచ్చింది ‘సీ ప్లస్’. మామూలు వాణిజ్య చిత్రానికి అది దాదాపు ఫెయిలయినట్టే. అయితే ఆ మార్కును వేయించేది మనం మొదటి ఆట టాక్ అనుకునే సమయంలోనే. చిత్రం ఎలా ఉందన్న దానికంటే, ఏమి ఆశించి వచ్చారు, అది దొరికిందా అన్నదాన్నే అది ఎక్కువగా కొలుస్తుంది. దెయ్యం సినిమాలకు అక్కడ తక్కువ మార్కులు రావడం మామూలే. భయపెట్టి, కుదుటపరచకుండా ఇంటికి పంపే చిత్రానికి బయటికి వస్తూ వస్తూ ఎవరూ మంచి మార్కు వేయరు.

ఈ చిత్రం విషయంలో తేదీలు కూడా చూడాలి. 1999 జూలై నెల మధ్యలో ముందుగా కొద్దిపాటి థియేటర్లలో వేశారు. అక్కడికి వచ్చినవారిలో చాలామంది నెలల తరబడి ఇంటర్నెట్‌లో ఈ కథను వెతుక్కుంటూ చదివినవారు, కొందరైతే నిజమని నమ్మినవారు. జూలై 30న వెయ్యికి పైగా థియేటర్లకు విస్తరించేసరికి ‘ఇంత భయంకరమైన సినిమా ఇంతవరకు రాలేదు’ అన్న మాట దేశమంతా పాకిపోయింది. ఆ మాట విని వచ్చినవారికి కనిపించినవి ఆకులు రాలిన చెట్లు, రాళ్ళ కుప్పలు, పుల్లలతో కట్టిన బొమ్మలు. చిత్రం అదే, థియేటర్లూ ఒకలాంటివే, చెవిన పడి వచ్చిన మాట మాత్రం వేరు. తిట్టినవారు కూడా టిక్కెట్టు కొనే తిట్టారు కాబట్టి ప్రపంచవ్యాప్తంగా వసూళ్ళు 24 కోట్ల డాలర్లు దాటాయి.

ఇరవై ఏళ్ళ తర్వాత ‘స్కినమరింక్’ అనే కెనడా చిత్రానికి ఇదే జరిగింది. కైల్ ఎడ్వర్డ్ బాల్ అనే దర్శకుడు ఎడ్మంటన్‌లో తాను పెరిగిన ఇంట్లోనే సుమారు 15 వేల డాలర్లతో దాన్ని తీశారు. రాత్రి నిద్ర లేచిన ఇద్దరు చిన్నపిల్లలకు తండ్రి కనిపించడు, తలుపులూ కిటికీలూ మాయమవుతుంటాయి. పిల్లల ముఖాలు కూడా సరిగా కనిపించవు, తెర నిండా గోడలు, పైకప్పు, తివాచీ, చీకటి. 2022లో చిత్రోత్సవాల్లో తిరుగుతుండగా అది అనుమతి లేకుండా ఇంటర్నెట్‌లోకి వచ్చేసింది. అర్ధరాత్రి ఒంటరిగా చూసినవారు చిన్ననాటి పీడకల మళ్ళీ వచ్చినట్టుందన్నారు. 2023 జనవరిలో థియేటర్లకు వచ్చినప్పుడు పాప్‌కార్న్ పొట్లాలతో కూర్చున్నవారిలో చాలామంది గోడలు చూడటానికి డబ్బులిచ్చామా అని మండిపడ్డారు. నా మటుకు నాకు ఆ పద్ధతికి నూరు నిమిషాలు ఎక్కువనిపించింది. అదే దర్శకుడు అంతకుముందు అదే ఊహతో తీసిన అరగంట లోపు లఘుచిత్రం మీద ఉన్న గౌరవం దీని మీద కలగలేదు.

కాబట్టి ఎవరిని నమ్మాలన్న దానికంటే, అభిప్రాయం రాసినవారు ఎక్కడ చూశారు, ఎవరితో చూశారు, ముందుగా ఏమి విని చూశారు అన్నది వెతకండి. ఆ వివరం ఉంటే తిట్టు కూడా పనికొస్తుంది. లేకపోతే ఐదు నక్షత్రాల మెచ్చుకోలు కూడా ఆ పూట వారి మనసు ఎలా ఉందో చెప్పడం తప్ప మరెందుకూ ఉపయోగపడదు.

ప్రశ్న: మేము ఉండేది సెనెకా క్రీక్ పార్కుకు దగ్గరలో. ఆదివారాలు పిల్లలతో నడకకు వెళ్ళే ఆ అడవిలోనే ఈ చిత్రం తీశారని ఈమధ్యే తెలిసింది. నిజంగా ఇక్కడ అలాంటి కథ ప్రచారంలో ఉండేదా? (ఒక పాఠకురాలు, గైథర్స్‌బర్గ్, మేరీలాండ్)

జవాబు: లేదు. మంత్రగత్తె పేరు, ఆమెను వెలివేసిన సంవత్సరం, 1940ల హంతకుడు, అన్నీ దర్శకులు కూర్చుని అల్లినవే. బర్కిట్స్‌విల్ మాత్రం నిజమైన ఊరు. రెండు వందలమంది కూడా లేని ఆ చిన్న ఊరి పేరు పలకలను అభిమానులు గుర్తుగా ఎత్తుకుపోవడం వల్ల అక్కడివారు బాగా విసిగిపోయారు. మీ పిల్లలను నిశ్చింతగా తీసుకువెళ్ళండి. చివర్లో వచ్చే పాడుబడ్డ ఇల్లు మీ పార్కులో లేదు, పటాప్స్కో లోయ వైపు ఉండేది.

ప్రశ్న: భయం సంగతి అలా ఉంచితే, నాకు పావుగంటకే కళ్ళు తిరిగి వాంతి వచ్చినంత పనయింది. ఇది నా ఒక్కడి సమస్యా? (ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: కాదు. 1999లో అమెరికా థియేటర్లలోనే ఇలా చాలామందికి జరిగింది, కొన్నిచోట్ల టిక్కెట్టు కౌంటరు దగ్గర హెచ్చరిక కూడా పెట్టారు. కెమెరా చేతిలో ఊగుతుంటే కన్ను కదులుతున్నామంటుంది, చెవిలోపల తూకం చూసే భాగం కూర్చునే ఉన్నామంటుంది. ఘాట్ రోడ్డు మీద బస్సులో పుస్తకం చదివితే జరిగేది ఇదే గొడవ, కాకపోతే తిరగేసి. తెర ఎంత పెద్దదై, మీరు ఎంత దగ్గరగా ఉంటే అంత ఎక్కువ. గదిలో దీపం వేసుకుని, టీవీకి దూరంగా కూర్చుని, పరుగు దృశ్యాల్లో చూపు కాస్త పక్కకు తిప్పుకోండి.

ప్రశ్న: ఆ హెదర్ పాత్ర వేసిన అమ్మాయి అరుపులూ ఏడుపులూ భరించలేకపోయాము. చెత్త నటనకు ఇచ్చే అవార్డు ఆమెకే వచ్చిందని చదివి సంతోషించాము. మీరేమంటారు? (కొందరు విద్యార్థులు, రాజమహేంద్రవరం)

జవాబు: సంతోషించడానికి ముందు ఆమె ఎలా నటించిందో తెలుసుకోండి. 1997 అక్టోబరులో ఎనిమిది రోజుల పాటు హెదర్ డోనహ్యూ, మైకేల్ విలియమ్స్, జాషువా లెనార్డ్ అనే ముగ్గురు నటులను అడవిలోకి పంపారు. కెమెరాలు పట్టుకున్నది, ధ్వని రికార్డు చేసినది, నటించినది అన్నీ వారే. రాసిన సంభాషణలు లేవు. ఎటు నడవాలో జీపీఎస్ పరికరం చెప్పేది. చేరిన చోట ఫిల్ము డబ్బాల్లో ఎవరి చీటీ వారికి ఉండేది, ఒకరి చీటీలో ఏముందో మరొకరికి చెప్పకూడదు. రోజులు గడిచేకొద్దీ తిండి తగ్గించారు. రాత్రిళ్ళు దర్శకులే వచ్చి గుడారం ఊపేవారు, టేపులో పిల్లల గొంతులు వినిపించేవారు. ఆకలి, చలి, నిద్రలేమి మధ్య ఒకరి మీద ఒకరికి వచ్చిన చిరాకులో నటన ఎంత, నిజం ఎంత అన్నది వారికే తెలియాలి. ఇలా పోగైన సుమారు ఇరవై గంటల ఫుటేజీలోంచి ఏరి కూర్చినదే మనం చూసిన చిత్రం.

మీరు భరించలేకపోయినది ఆ పాత్రను. పంతంతో ఇద్దరిని అడవిలోకి లాక్కువెళ్ళి, దారి తప్పామని ఒప్పుకోని మనిషి ఆమె. ఆమె మీద విసుగు రాకపోతే మిగిలిన ఇద్దరి కోపానికి అర్థం ఉండదు. చివర్లో కెమెరాను ముఖానికి ఆనించుకుని, ముక్కు కారుతుండగా ముగ్గురి తల్లులకూ క్షమాపణ చెప్పుకునే దృశ్యంలో అందంగా కనిపించాలన్న తాపత్రయం ఒక్క క్షణం కూడా లేదు. ఆ చెత్త నటన అవార్డును నేను తప్పుడు తీర్పుగానే భావిస్తాను. అదే చిత్రానికి 5 లక్షల డాలర్ల లోపు ఖర్చుతో తీసిన తొలి చిత్రాల విభాగంలో ఇండిపెండెంట్ స్పిరిట్ అవార్డు కూడా వచ్చింది.

మరొక సంగతి ఉంది. చిత్రాన్ని నిజమని నమ్మించడం కోసం పాత్రలకు నటుల అసలు పేర్లే పెట్టారు. సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ‘కనబడుటలేదు’ అన్న కరపత్రాలు పంచారు. సినిమాల సమాచారమిచ్చే వెబ్‌సైటులో ఆ ముగ్గురు మరణించి ఉండవచ్చని రాశారు, విడుదల సమయంలో వారిని జనం కంట పడనీయలేదు. హెదర్ తల్లికి సానుభూతి తెలిపే కార్డులు వచ్చాయి. కథను ఎంత నమ్మించినా దాన్ని ఆటగానే తీసుకోవచ్చు. బతికి ఉన్న నటి పేరునే ఆటవస్తువు చేసి, తర్వాత జనం ఆ పేరునే ఎగతాళి చేస్తుంటే ఊరుకోవడం వేరే విషయం. 2024లో ఆ ముగ్గురూ కలిసి, చిత్రం హక్కులున్న లయన్స్‌గేట్ సంస్థకు బహిరంగ లేఖ రాసి తమకు న్యాయంగా రావలసిన ప్రతిఫలం అడిగారు.

ప్రశ్న: మిత్రులందరం చందాలు వేసుకుని ఊరి చివర పాత గడిలో ఒక దెయ్యం సినిమా తీశాము. తెలిసినవారికి వేసి చూపిస్తే సగంమంది బాగుందన్నారు, కొందరు మధ్యలోనే లేచిపోయారు. ఈ అభిప్రాయాలను ఎలా అర్థం చేసుకోవాలి? (ఒక పాఠకుడు, కరీంనగర్)

జవాబు: లేచిపోయినవారిని వెతికి పట్టుకుని, ఎందుకు లేచారో అడగండి. ఓరెన్ పెలి శాన్ డియాగోలోని సొంత ఇంట్లో వారం రోజుల్లో, 15 వేల డాలర్లతో తీసిన ‘పారానార్మల్ యాక్టివిటీ’ని పెద్ద సంస్థ ఒకటి ప్రేక్షకులకు వేసి చూపించినప్పుడు కొందరు మధ్యలో బయటికి నడిచారట. విసుగుతో వెళుతున్నారేమోనని మొదట కంగారుపడి, తర్వాత వాకబు చేస్తే భయం తట్టుకోలేక వెళ్ళారని తేలిందని ఆ చిత్ర బృందమే చెప్పింది. అలాగని మీ చిత్రానికీ అదే కారణమని సంబరపడకండి, అడిగి తెలుసుకోండి.

బాగుందన్నవారు మీ స్నేహితులైతే ఆ మాటను లెక్కలోకి తీసుకోవద్దు. మీరెవరో తెలియని పదిమందికి, ఏమి చూడబోతున్నారో చెప్పకుండా వేసి చూపించండి. చిత్రం నడుస్తుండగా తెరను కాక వారిని చూడండి. ఏ దృశ్యం దగ్గర చేతులు ఫోన్ల వైపు వెళుతున్నాయో రాసుకోండి. ముగిసిన తర్వాత నచ్చిందా అని అడగకుండా, కథ చెప్పమని అడగండి. బ్లెయిర్ విచ్ దర్శకులకు గోడ మూల వాక్యం అవసరమని తెలిసింది ఇలాంటి చోటే.

బొమ్మ కొంచెం మసకగా ఉంటే దెయ్యం సినిమాకు నష్టం లేదు, జనం ఓర్చుకుంటారు. మాట వినబడకపోతే మాత్రం ఓర్చుకోరు. బ్లెయిర్ విచ్ చిత్రీకరణకు కొన్ని పదుల వేల డాలర్లే అయినా, పంపిణీ సంస్థ కొన్న తర్వాత ధ్వని మెరుగుపరచడం వంటి పనులకు దానికి ఎన్నో రెట్లు ఖర్చయింది. చందాల్లో ఇంకా ఏమైనా మిగిలి ఉంటే పోస్టర్లకు పెట్టకుండా, మంచి సౌండ్ ఇంజనీరు దగ్గర కూర్చుని గడిలోని రాత్రి దృశ్యాలకు ధ్వని మళ్ళీ కలిపించండి.