ట్రేడింగ్‌లో ఓపిక ఎంతవరకు?

ప్రశ్న: మాకు తిరుపతి గాంధీ రోడ్డులో చిన్న బట్టల దుకాణం ఉంది. మూడేళ్లుగా నిఫ్టీ ఆప్షన్లలో (స్టాక్ మార్కెట్ సూచీ నిఫ్టీ కదలికలపై కొని అమ్మే, గడువున్న ఒప్పందాల్లో) ట్రేడింగ్ చేస్తున్నాను. మొదట్లో కొంత లాభం వచ్చినా గత రెండేళ్లూ నష్టమే మిగిలింది. ఇటీవల మా ఆవిడ నగలు తాకట్టు పెట్టి మళ్లీ ఖాతాలో డబ్బు వేశాను. మా అన్నయ్య మానేయమంటున్నాడు. టెలిగ్రాం గ్రూపులో సలహాలిచ్చేవారు మాత్రం ఓపిక పట్టినవాడే నిలబడతాడని, పోయిన చోటే రాబట్టుకోవాలని చెబుతున్నారు. ఎవరి మాట వినాలి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: కనీసం ఆ నగలు విడిపించే వరకైనా మీ అన్నయ్యగారి మాటే వినండి. నెలనెలా వడ్డీ మీద పడుతుంటే, సరైన అవకాశం వచ్చేదాకా పది రోజులు చేతులు కట్టుకుని కూర్చోవడం ఎవరి తరమూ కాదు.

స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2024 సెప్టెంబరులో విడుదల చేసిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి మూడు ఆర్థిక సంవత్సరాల్లో ఫ్యూచర్స్ (గడువున్న మరో రకం ఒప్పందాలు), ఆప్షన్లలో దిగిన కోటి మందికి పైగా వ్యక్తుల్లో 93 శాతం మంది నష్టపోయారు. ఖర్చులతో కలిపి వారి సగటు నష్టం సుమారు 2 లక్షల రూపాయలు. వరుసగా రెండేళ్లు నష్టపోయినవారిలోనూ 75 శాతానికి పైగా ట్రేడింగ్ మానలేదని అదే అధ్యయనం చెబుతోంది. పట్టుదల ఒక్కటే చాలేటట్టయితే వీరంతా ఈపాటికి గట్టెక్కి ఉండాలి.

ఓపిక అవసరమే, అయితే ఆ ఓపిక ఆప్షన్ కొనడానికి ముందు ఉండాలి. మీరు 120 రూపాయల ప్రీమియంతో, అంటే ఆ ధరకు, ఆప్షన్ కొని, 100 దగ్గర స్టాప్‌లాస్ (ధర అక్కడికి పడితే దానంతటదే అమ్ముడయ్యే ఆర్డరు) పెట్టారనుకుందాం. ధర 102కు దిగగానే స్టాప్‌లాస్ తీసేసి, పెరుగుతుందిలే అని ఎదురుచూడటాన్ని చాలామంది ఓపిక అనుకుంటారు. సూచీ ఉన్నచోటే ఉన్నా, ఎక్స్‌పైరీ, అంటే ఒప్పందం గడువు, దగ్గరపడేకొద్దీ ఆ ప్రీమియం కరుగుతూనే ఉంటుంది. అంటే ఆప్షన్ కొన్నవారు ఎదురుచూసే ప్రతి రోజుకూ మూల్యం చెల్లిస్తున్నారన్న మాట. సలహాల గ్రూపుల్లో ఈ సంగతి ఎందుకో పెద్దగా వినపడదు.

మీ జిల్లా పక్కనే తోతాపురి మామిడి వ్యాపారం ఉంది. 2025లో ధర పడిపోయి, రైతుకు కిలోకు 12 రూపాయలు అందేలా ప్రభుత్వమే 4 రూపాయలు భరించవలసి వచ్చింది. అటువంటి ఏడాదిని తట్టుకుని మరుసటి సీజన్‌కు మండీ తెరవగలిగేది, ఉన్నదంతా ఒకే పంటమీద పెట్టనివాడే. ట్రేడింగ్‌లోనూ లెక్క అంతే: లక్షలో 10 వేలు పోతే మిగిలినదానిపై 11 శాతం లాభంతో పూడుతుంది, 50 వేలు పోతే నూటికి నూరు శాతం రావాలి. అందుకే అనుభవజ్ఞులు ఒక్కో ట్రేడ్‌లో పెట్టుబడిలో ఒకటి రెండు శాతానికి మించి పోగొట్టుకోరు.

మళ్లీ మొదలుపెట్టదలిస్తే, పాత ట్రేడ్లన్నింటినీ, ఎందుకు కొన్నారో ఎందుకు అమ్మారో సహా, ఒక పుస్తకంలో రాసుకోండి. విసుగు పుట్టించే పనే, కానీ మీ పట్టుదలంతా అక్కడ చూపించండి.

మరొక విషయం. ఆప్షన్ల నష్టాన్ని ఆదాయపు పన్ను చట్టం వ్యాపార నష్టంగానే పరిగణిస్తుంది. అదే ఏడాది దుకాణంపై వచ్చిన లాభంలో దానిని సర్దుబాటు చేసుకోవచ్చు. మిగిలినది, గడువులోగా రిటర్ను దాఖలు చేస్తే, ఎనిమిదేళ్ల వరకు ముందుకు తీసుకువెళ్లవచ్చు. బ్రోకరు ఇచ్చే లాభనష్టాల పట్టికతో ఈ వారమే మీ ఆడిటరును కలవండి.