సిజేరియన్‌తో పాటే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకోవచ్చా?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. పెళ్లయ్యాక బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. నా వయసు 27. సిజేరియన్‌తో పుట్టిన మూడేళ్ల పాప ఉంది. ఇప్పుడు నాకు ఎనిమిదో నెల, ఈసారి కూడా సిజేరియనే చేస్తామన్నారు. పొట్ట ఎలాగూ కోస్తారు కాబట్టి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ కూడా అప్పుడే చేయించేసుకోమని మా అత్తగారు అంటున్నారు. మావారు ‘నీ ఇష్టం’ అంటారు. ఆ ఆపరేషన్ అయితే నడుం పడిపోతుందని, లావైపోతానని మా అమ్మ భయపెడుతోంది. కావాలంటే తర్వాత మళ్లీ కలిపించుకోవచ్చని పక్కింటివాళ్లు చెబుతున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీ అత్తగారు చెబుతున్న దాంట్లో వైద్యపరంగా తప్పేమీ లేదు. సిజేరియన్‌లో బిడ్డను బయటికి తీసి, గర్భసంచిని కుట్టిన తర్వాత, దానికి రెండు పక్కలా ఉండే అండవాహికలు, అంటే అందరూ ట్యూబులని పిలిచేవి, సర్జన్ కళ్లెదుటే ఉంటాయి. ఒక్కొక్కటి సుమారు పది సెంటీమీటర్ల పొడవుంటుంది. దాని మధ్య భాగాన్ని చిన్న మడతలా పైకెత్తి, కరిగిపోయే దారంతో ముడివేసి, ఆ మడతను కత్తిరించేస్తారు. రెండు వైపులా కలిపి కొద్ది నిమిషాల పని. దీనికోసం వేరే కోత గానీ, మళ్లీ మత్తు గానీ, ఆసుపత్రిలో అదనంగా ఉండటం గానీ అవసరం లేదు. అదే తర్వాతెప్పుడో పొట్టకు చిన్న రంధ్రాలు పెట్టి చేసే ల్యాపరోస్కోపీతో చేయించుకోవాలంటే మరోసారి మత్తు ఇవ్వాలి. పైగా రెండు సిజేరియన్లయ్యాక లోపలి అవయవాలు ఒకదానికొకటి అతుక్కుని ఉంటే ఆ పని కొంత కష్టమవుతుంది కూడా. కాబట్టి సౌకర్యం మాట నిజమే. అయితే ఆ సౌకర్యం చూసుకోవలసింది ఆపరేషన్ చేయించుకోవాలని మీరు తేల్చుకున్న తర్వాత. మీ ఉత్తరంలో ఇంట్లోవాళ్లందరి అభిప్రాయాలూ ఉన్నాయి, పక్కింటివాళ్లది కూడా ఉంది; ‘ఇక నాకు పిల్లలు వద్దు’ అని మీరు అన్న మాట మాత్రం ఎక్కడా కనిపించలేదు. నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది అదే.

మళ్లీ కలిపించుకోవచ్చన్న మాటను నమ్ముకుని ఈ ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. కత్తిరించిన ట్యూబులను తిరిగి కలిపే రీకెనలైజేషన్ అనే శస్త్రచికిత్స ఉన్న మాట వాస్తవమే గానీ, అది మొదటి ఆపరేషన్ కంటే చాలా పెద్దది, ఖర్చుతో కూడుకున్నది. ఎంత ముక్క మిగిలింది, ఏ పద్ధతిలో ముడివేశారు, అప్పటికి మీ వయసెంత అన్నవాటిని బట్టి ఫలితం మారుతుంది. ట్యూబులు కలిసినా గర్భం నిలుస్తుందన్న హామీ లేదు, నిలిచిన గర్భం ట్యూబులోనే ఉండిపోయే ప్రమాదం ఎక్కువ. నా ఓపీకి ఇలా కలిపించుకోవాలని వచ్చేవాళ్లుంటారు. పర్సులోంచి నాలుగు మడతలు పెట్టిన పాత డిశ్చార్జ్ కాగితం తీసి, బల్ల మీద అరచేత్తో సాపు చేసి, ‘ఇందులో ఎంత కోశారో రాశారా మేడమ్?’ అని అడుగుతారు. చాలాసార్లు అందులో ‘ట్యూబెక్టమీ చేయబడినది’ అన్న ఒక్క ముక్క తప్ప ఇంకేమీ ఉండదు. అలా వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాతికేళ్ల లోపు ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. ఒకరికి బిడ్డ పోయి ఉంటాడు, మరొకరికి రెండో పెళ్లి అయి ఉంటుంది. అమెరికాలో ఆపరేషన్ చేయించుకున్న వేలమంది స్త్రీలను ఏళ్ల తరబడి గమనించిన ఒక ప్రసిద్ధ అధ్యయనంలో, 30 ఏళ్లకు గానీ అంతకు ముందు గానీ చేయించుకున్నవారిలో 14 ఏళ్లు తిరిగేసరికి దాదాపు 20 శాతం మంది ఎందుకు చేయించుకున్నామా అని బాధపడ్డారు. 30 దాటాక చేయించుకున్నవారిలో అలా బాధపడినవారు సుమారు 6 శాతమే. మీకు 27 ఏళ్లు కాబట్టి ఈ అంకెలు చెబుతున్నాను. 27 ఏళ్లకు చేయించుకోకూడదని నా ఉద్దేశం కాదు. మన ప్రభుత్వ నిబంధనల ప్రకారం 22 నుంచి 49 ఏళ్ల మధ్య ఉండి, కనీసం ఒక బిడ్డకు ఏడాది నిండితే చాలు.

మీ అమ్మగారి భయాల గురించి ఎక్కువ చెప్పాల్సిన పని లేదు. ఈ ఆపరేషన్‌లో అండాశయాలను గానీ గర్భసంచిని గానీ ముట్టుకోరు కాబట్టి హార్మోన్లు ఎప్పటిలాగే పనిచేస్తాయి, నెలసరి వస్తుంది, దాంపత్య జీవితంలో మార్పు ఉండదు, దీనివల్ల లావెక్కరు. ప్రసవాల తర్వాత వచ్చే నడుం నొప్పికి రక్తహీనత, సరైన వ్యాయామం లేకపోవడం, బిడ్డను ఒకే పక్క ఎత్తుకుని గంటల తరబడి తిరగడం వంటి కారణాలు వేరే ఉంటాయి. ఊళ్లలో గర్భసంచి తీయించుకున్నవాళ్ల కథలు, ఈ ఆపరేషన్ అయినవాళ్ల కథలు కలిసిపోయి ప్రచారంలోకి వస్తుంటాయి. రెండూ పూర్తిగా వేర్వేరు.

ఇక ఎవరూ చెప్పని సంగతి ఒకటి చెప్పాలి. ఇది నూటికి నూరు శాతం పనిచేసే పద్ధతి కాదు. పైన చెప్పిన అధ్యయనంలోనే పదేళ్లలో వెయ్యిమందికి దాదాపు 18 మంది మళ్లీ గర్భం దాల్చారు, అలా వచ్చిన గర్భాల్లో సుమారు మూడో వంతు ట్యూబుల్లో నిలిచినవే. అందుకే ఆపరేషన్ అయిన మనిషికి నెల తప్పినా, పొత్తికడుపులో ఒక పక్క నొప్పి వచ్చినా ‘నాకు ఆపరేషన్ అయిపోయింది కదా’ అని ఊరుకోకుండా వెంటనే పరీక్ష చేయించుకోవాలి. ట్యూబులో గర్భం పగిలితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు కొందరు డాక్టర్లు ముడివేయడానికి బదులు ట్యూబులను పూర్తిగా తీసేయమంటారు. అండాశయ క్యాన్సర్లలో ఒక ముఖ్యమైన రకం ట్యూబుల చివరి భాగంలోనే మొదలవుతుందని తెలిశాక, తీసేస్తే ఆ ముప్పు తగ్గుతుందన్న ఆలోచన బలపడింది. అయితే అలా తీసేసిన తర్వాత కలపడానికి ఏమీ మిగలదు. పిల్లలు కావాలంటే ఐవీఎఫ్, అంటే టెస్ట్‌ట్యూబ్ పద్ధతి, ఒక్కటే దారి.

మీవారు ‘నీ ఇష్టం’ అన్నారని రాశారు. ప్రభుత్వ నిబంధనలు కూడా అదే అంటున్నాయి: భార్య ఆపరేషన్‌కు భర్త సంతకం తప్పనిసరి కాదు, అత్తగారిది అసలే కాదు. కానీ ఆయన్ను మీరొక మాట అడగవచ్చు. మగవాళ్లకు చేసే వేసెక్టమీ పొట్ట కోయకుండా, చిన్న ఇంజెక్షన్‌తో ఆ భాగాన్ని మొద్దుబార్చి చేసేది. ఆడవాళ్ల ఆపరేషన్ కంటే తేలిక, ప్రమాదం తక్కువ. దాదాపు మూడు నెలలు వేరే జాగ్రత్త పాటించి, వీర్య పరీక్షలో కణాలు లేవని తేలాక నిశ్చింతగా ఉండవచ్చు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ల మధ్య వయసున్న వివాహిత స్త్రీలలో దాదాపు 70 శాతం మందికి ట్యూబుల ఆపరేషన్ అయి ఉండగా, దేశం మొత్తం మీద కుటుంబ నియంత్రణ కోసం వేసెక్టమీ మీద ఆధారపడుతున్న జంటలు వందకు ఒక్కరు కూడా లేరు, 0.3 శాతమే. ఈ అంకెలు చూసినప్పుడల్లా నాకు కాస్త చిరాకు కలుగుతుంది, దాన్ని దాచుకోవడం లేదు.

మీరు ఇంకా తేల్చుకోలేకపోతే, అదే సిజేరియన్‌లో గర్భసంచిని కుట్టే ముందు, గర్భం రాకుండా దాని లోపల ఉంచే కాపర్-టి పెట్టించుకునే వీలుంది. ‘పొట్ట ఎలాగూ కోస్తారు’ అన్న అత్తగారి లెక్కకూ అది సరిపోతుంది. కాపర్-టి 380ఎ పదేళ్లు పనిచేస్తుంది, పాలివ్వడానికి అడ్డు కాదు, వద్దనుకున్న రోజున ఓపీలోనే తీసేస్తారు. కొందరికి నెలసరిలో రక్తస్రావం, నొప్పి కొంత ఎక్కువవుతాయి. అప్పుడప్పుడు అది జారిపోతుంది కూడా, అందుకే ప్రసవం తర్వాత ఆరో వారంలో ఒకసారి చూపించుకోవాలి. పదేళ్ల తర్వాత మీకు 37 నిండుతాయి, పిల్లలిద్దరూ బడికి వెళుతుంటారు. అప్పటికి ఈ ప్రశ్న మిమ్మల్ని ఇంతగా వేధించదు. గర్భం రాకుండా మూడు నెలలకొకసారి తీసుకునే ‘అంతర’ అనే ఇంజెక్షన్, మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికొకటి వేసుకునే ‘ఛాయా’ మాత్రలు కూడా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతాయి, కానీ తేదీలు గుర్తుపెట్టుకోవాలి.

ఈ నెల చెకప్‌కు వెళ్లినప్పుడు మీ డాక్టర్‌తో ఒంటరిగా పది నిమిషాలు మాట్లాడండి. బిడ్డకు ఏదైనా జరిగితే, సంసారంలో ఏదైనా మారితే కూడా మూడో బిడ్డ వద్దనే అనుకుంటానా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. తడుముకోకుండా ‘వద్దు’ అన్న జవాబు వస్తే సిజేరియన్‌తో పాటే ఆపరేషన్ చేయించుకోవడం మంచి నిర్ణయమే. ఆ అంగీకార పత్రం మీద సంతకం నొప్పులు మొదలయ్యాకో, ఆపరేషన్ థియేటర్ గుమ్మంలోనో కాకుండా ఇప్పుడే, తీరిగ్గా చేయాలి. బెంగళూరు ఆసుపత్రుల్లో ఆ పత్రం సాధారణంగా ఇంగ్లిష్‌లోనో కన్నడలోనో ఉంటుంది. తెలుగు తెలిసిన నర్సు చేత గానీ డాక్టర్ చేత గానీ ప్రతి వాక్యమూ చెప్పించుకుని అప్పుడే సంతకం పెట్టండి. పెట్టిన తర్వాత కూడా, కోత పెట్టే ముందు నిమిషం దాకా, వద్దని చెప్పే హక్కు మీకుంది. అలా చెప్పినందువల్ల మీ సిజేరియన్‌కు గానీ బిడ్డ సంరక్షణకు గానీ ఎలాంటి లోటూ రాదు. పుట్టిన బిడ్డకు ఊపిరి సరిగా అందకపోతే, బరువు మరీ తక్కువగా ఉంటే ఆపరేషన్ ఆపేయమని కూడా ముందే కేస్ షీట్‌లో రాయించండి.