డాక్టర్ సలహా: బాబుకి ఆయాసం, అమ్మకి గుండె ఆపరేషన్... లాబ్రడార్‌ను తెచ్చుకోవచ్చా?

ప్రశ్న: మాది రాయగడ. అపార్ట్‌మెంట్‌లో రెండో అంతస్తు, రెండు బెడ్‌రూములు, లిఫ్ట్ లేదు. మావారి ఆఫీసులో ఒక ఒడియా కుటుంబానికి వచ్చే నెల బదిలీ. వాళ్ల మూడేళ్ల ఆడ లాబ్రడార్‌ను మమ్మల్ని తీసుకోమంటున్నారు. ముప్ఫై కిలోలుంటుంది, చాలా నెమ్మది. మా బాబుకి తొమ్మిదేళ్లు. చలికాలం వస్తే పిల్లికూతలు, ఇన్‌హేలర్ వాడుతున్నాం. కుక్కలతో పెరిగిన పిల్లలకి ఆస్తమా రాదని ఎక్కడో చదివాను. నిజమేనా? అసలు అంత పెద్ద కుక్క ఫ్లాట్‌లో ఉండగలదా? మేమిద్దరం ఉద్యోగాలకి వెళ్తాం, పగలు మా అమ్మ చూసుకుంటుంది. ఏడాది కిందట బొబ్బిలి నుంచి మా దగ్గరికి వచ్చేసింది. 67 ఏళ్లు, గుండె కవాటం మార్చారు, ఎసిట్రోమ్ వాడుతోంది.
– ఒక పాఠకురాలు

జవాబు: బాబు గురించీ ఇంటి గురించీ అడిగి, అమ్మగారి సంగతి చివర్లో రెండు ముక్కల్లో తేల్చేశారు. నా కళ్లు మాత్రం ముందు అక్కడే ఆగాయి.

పార్వతీపురంలో నా దగ్గరికి రాయగడ వైపు నుంచి వచ్చేవాళ్లు ఎక్కువే. అలా వచ్చిన ఒకావిడది ఇంచుమించు మీ అమ్మగారి వయసు, వాడేది కూడా ఎసిట్రోమ్‌లాగే రక్తం పలచబడే మందే. కొడుకు పెంచుకుంటున్న కుక్కని సాయంత్రం కిందికి తిప్పడానికి తీసుకెళ్లారు. గొలుసు జారిపోకుండా మణికట్టుకి రెండు చుట్లు చుట్టుకున్నారు. గోడ మీద పిల్లి కనబడగానే కుక్క ఒక్క ఉదుటున లాగింది. పాపం దానికి కోపమూ లేదు, అది కరవనూ లేదు. ఆవిడకి మణికట్టు విరిగింది, తుంటి దగ్గర పళ్లెమంత మేర కమిలి నల్లబడింది. వారం తిరిగేసరికి ఆ నలుపు మోకాలి దాకా దిగింది.

ఇది ఒకరిద్దరికి జరిగే ముచ్చట కాదు. అమెరికాలో 2001–2006 మధ్య లెక్క తీస్తే, పెంపుడు కుక్కలు, పిల్లుల కారణంగా పడి ఎమర్జెన్సీకి వచ్చినవాళ్లు ఏడాదికి సగటున 86 వేల పైచిలుకు. వాటిలో చాలా భాగం కుక్కల వల్లే. మీ కుక్క బరువు ముప్ఫై కిలోలు. లిఫ్ట్ లేదు కాబట్టి మెట్ల మీద అది ముందు పరిగెడుతుంటే అమ్మగారు వెనక గొలుసు పట్టుకుని దిగాలి. ఈ బొమ్మ ఒకసారి కళ్ల ముందు వేసుకుని చూడండి. ఎసిట్రోమ్ వాడేవాళ్లు పడి తలకి దెబ్బ తగిలితే, పైకి ఏమీ లేకపోయినా, చక్కగా మాట్లాడుతున్నా సరే, వెంటనే స్కానింగ్‌కి తీసుకెళ్లాల్సిందే. లోపల రక్తస్రావం నెమ్మదిగా మొదలై ఉండొచ్చు. ఒళ్లు నొప్పులని మెడికల్ షాపులో డైక్లోఫెనాక్ లాంటివి కొని వేసుకోవడం అంతకన్నా ప్రమాదం.

ఇక పన్ను గీరినా, గోరు రక్కినా. మనకైతే కడిగేసి మర్చిపోయేంత చిన్న విషయం. కృత్రిమ కవాటం ఉన్నవాళ్లకి కుక్క నోటి సూక్ష్మజీవులు రక్తంలోకి వెళ్లి ఆ కవాటం మీదే స్థిరపడే అవకాశం ఉంటుంది. కాబట్టి పుండు మీద నాకనివ్వకూడదు, గాటు పడితే అదే రోజు డాక్టర్‌కి చూపించాలి. యాంటీబయాటిక్ రాసినప్పుడు ‘ఎసిట్రోమ్ వాడుతోంది’ అని మీరే నోరు తెరిచి చెప్పండి. కొన్ని యాంటీబయాటిక్‌లతో రక్తం మరీ పలచబడుతుంది, నాలుగైదు రోజుల్లో ఐఎన్ఆర్ (రక్తం ఎంత పలచబడిందో చెప్పే పరీక్ష) మళ్లీ చూడాలి. రేబిస్ టీకా సంగతీ ఉంది. గాయాన్ని ధారగా పారే నీళ్ల కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి టీకాకి వెళ్లాలి. ఎసిట్రోమ్ ఉంది కదా అని టీకా మానొద్దు. కండలోకి సూది వేస్తే రక్తం గడ్డకట్టి వాచే భయం ఉంటుంది గనుక, చర్మంలోకి ఇచ్చే పద్ధతి అడగండి. మొదటి రోజు, తర్వాత 3, 7, 28వ రోజుల్లో, వెళ్లిన ప్రతిసారీ రెండు చోట్ల వేస్తారు.

ఇంత భయపెట్టాక ఒక మంచి మాట. మూడేళ్ల కుక్క కావడం మీ అదృష్టం. కూన అయితే ఆరు నెలలు చేతులూ పమిట చెంగులూ కొరుకుతూనే ఉంటుంది, మీ ఇంటికి అది బొత్తిగా పనికిరాదు. దీని స్వభావం ఇప్పటికే తేలిపోయింది. టీకా కార్డు, నట్టల మందు ఎప్పుడెప్పుడు వేశారో రాసిన కాగితం అడిగి తీసుకోండి. ఎలుకల మూత్రం వల్ల వచ్చే లెప్టోస్పైరోసిస్ మనుషులకీ పాకుతుంది గనుక ఆ టీకా కూడా పడిందో లేదో చూడండి, మన వైపు వానాకాలంలో ఇది అవసరం.

బాబు సంగతి. మీరు చదివింది అబద్ధం కాదు. స్వీడన్‌లో లక్షలమంది పిల్లల మీద చేసి 2015లో ప్రచురించిన అధ్యయనంలో, పుట్టిన మొదటి ఏడాది ఇంట్లో కుక్క ఉన్న పిల్లలకి బడి ఈడుకొచ్చాక ఆస్తమా కాస్త తక్కువగా కనబడింది. అది పాలు తాగే పసికందుల లెక్క. తొమ్మిదేళ్లొచ్చి, ఇప్పటికే పిల్లికూతలున్న పిల్లాడికి కుక్క మందులా పనిచేస్తుందని అందులో ఎక్కడా లేదు. అలాగని వాడికి కుక్క పడదనీ చెప్పలేం. చలికాలంలోనే వస్తుందంటున్నారు కాబట్టి జలుబు, దుమ్ము, పొగ ఏదైనా కావచ్చు. కుక్క పడనివాళ్లకి పడనిది బొచ్చు కాదు. దాని లాలాజలం, చర్మపు పొట్టు. అందుకే ‘ఈ జాతి కుక్కయితే అలర్జీ రాదు’ అని ఎవరు చెప్పినా నమ్మకండి.

అలర్జీకి చర్మపు పరీక్ష ఉంది. దానికి వారం ముందు నుంచి సెట్రిజిన్ లాంటివి ఆపాలి, ఇన్‌హేలర్ మాత్రం ఆపకూడదు. ఆ పరీక్షకి విశాఖ దాకా వెళ్లే ముందు ఇంటి దగ్గరే ఒక పని చేయొచ్చు. బదిలీకి ఇంకా నెల ఉంది కదా, రెండు వారాలపాటు రోజూ గంటసేపు బాబుని వాళ్లింటికి పంపండి, కుక్కతో ఆడుకోనివ్వండి. పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత వేగంగా ఊదగలడో కొలిచే చిన్న పరికరం) కొని పొద్దున, రాత్రి ఊదించి అంకె రాసి పెట్టండి. మామూలుగా ఊదేదానికన్నా ఐదో వంతు పడిపోయినా, రాత్రి దగ్గు మొదలైనా మనకి జవాబు దొరికినట్టే. ఇది కుక్కని ఇంటికి తెచ్చాక చేసే పరీక్ష కాదు. వెనక్కి పంపేసినా దాని పొట్టు సోఫాల్లో, పరుపుల్లో నెలల తరబడి ఉంటుంది. అంకె బాగానే ఉండి తెచ్చుకున్నా, బాబు పడుకునే గదిలోకి మాత్రం దాన్ని రానివ్వొద్దు. ఈ ఒక్క నియమం దగ్గర మొహమాటం వద్దు.

ఫ్లాట్ గురించి నాకు పెద్ద బెంగ లేదు. కుక్కకి కావలసింది చదరపు అడుగులు కాదు, ఉదయం సాయంత్రం కలిపి గంటా గంటన్నర నడక. వేసవిలో అయితే పొద్దున ఏడింటికల్లా ఇంటికి చేరిపోవాలి, వాటికి మనలా ఒంటినిండా చెమట పట్టదు. సొసైటీ వాళ్లు కాదంటారేమో అన్న భయం ఉంటే, అందరూ ఓటేసినా పెంపుడు కుక్కల్ని నిషేధించడానికి వీల్లేదని జంతు సంక్షేమ బోర్డు 2015 మార్గదర్శకాల్లో ఉంది. నేను లాయర్ని కాను, అంతవరకే చెప్పగలను.

ఇంకో చిన్న సంగతి. ఆ కుక్కకి వచ్చిన భాష ఒడియా. ‘బొసొ’ అంటే కూర్చుంటుంది, ‘కూర్చో’ అంటే మీ మొహం చూస్తుంది. బొబ్బిలి నుంచి వచ్చిన అమ్మగారికి ఆ నాలుగు మాటలూ నేర్పాలి, లేదా దానికి తెలుగు నేర్పాలి. నవ్వులాటకి అనడం లేదు. వంటింట్లో కాళ్లకి అడ్డం పడ్డప్పుడు ఆ ఒక్క మాటే ఆవిడని నిలబెడుతుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. పగలు దాన్ని కిందికి దించే మనిషి అమ్మగారే అయితే, వద్దు. పొద్దున మీరు, సాయంత్రం మీవారు తిప్పి, మధ్యాహ్నం ఒంటిగంటకి జీతానికో, ఇరుగుపొరుగు కుర్రాణ్ని బతిమాలో ఒకర్ని పెట్టుకోగలిగితే, అమ్మగారు గొలుసు ముట్టుకోనక్కర్లేకుండా రోజు గడిస్తే, తెచ్చుకోండి. ఆ మధ్యాహ్నపు మనిషి దొరికాడో లేదో, బాబు రెండు వారాల అంకెలు ఎలా ఉన్నాయో, అమ్మగారి చివరి ఐఎన్ఆర్ ఎంతో రాసి మళ్లీ పంపండి.