పోర్టబుల్ ఏసీ వేడిగాలి గొట్టాన్ని పక్క గదిలోకి వదలవచ్చా?

కిటికీ తెరుచుకోని గదిలో పోర్టబుల్ ఏసీ పెట్టుకుని, దాని వేడిగాలి గొట్టాన్ని హాలులోకి వదిలితే సరిపోతుందా అని మీరు అడిగారు. సరిపోదు. నేను ఒక వేసవిలో చాలా రోజుల పాటు సరిగ్గా ఇదే పని చేసి చూశాను కాబట్టి, అది ఎందుకు కుదరలేదో, చివరికి ఏది కుదిరిందో వివరంగా రాస్తున్నాను.

అప్పుడు నేనున్న గదికి ఒకటే కిటికీ. దాని గాజు పలకను కదలకుండా బిగించేశారు. ఒక టన్ను ఏసీ తెచ్చి, గొట్టాన్ని తలుపు సందులోంచి హాలులోకి పెట్టి, తలుపును దానికి ఆనేలా దగ్గరికి వేసి, మిగిలిన సందులో పాత దుప్పటి కుక్కాను. మొదటి అరగంట గది చల్లబడుతున్నట్టే అనిపించింది. యంత్రం ఎదురుగా కూర్చున్నవారికి ఎప్పుడూ అలాగే అనిపిస్తుంది, ఎందుకంటే ఒంటికి తగిలేది అప్పుడే చల్లబడి వచ్చిన గాలి. కానీ మంచం పక్కన గోడకు తగిలించిన థర్మామీటరు మధ్యాహ్నం రెండు గంటలకు 33 డిగ్రీలు చూపిస్తే, అయిదు గంటలకు కూడా 32 కంటే కిందికి రాలేదు. ఆ మూడు గంటల్లో హాలు మాత్రం 40 దాటింది. రోజూ మధ్యాహ్నం హాలులో నడుం వాల్చే మా అమ్మ ఆ రోజంతా అటువైపు రాలేకపోయింది, ఆ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఏసీ చల్లదనాన్ని పుట్టించదు. గదిలోని వేడిని తోడి మరోచోట పోస్తుంది. ఒక టన్ను అంటే గంటకు 12,000 బీటీయూలు (వేడిని కొలిచే ఒక ప్రమాణం), అంటే సుమారు 3.5 కిలోవాట్ల చొప్పున వేడిని తోడగలగడం. అందుకు కంప్రెసరూ ఫ్యాన్లూ కలిసి వాడుకునే కరెంటు దాదాపు 1.2 కిలోవాట్లు అనుకుంటే, ఆ కరెంటు కూడా చివరికి వేడిగానే మారుతుంది కనుక, యంత్రం వెనుకవైపు వదిలే వేడి మొత్తం 4.7 కిలోవాట్లు. గొట్టాన్ని అదే గదిలో వదిలేస్తే తోడిన 3.5 తిరిగి గదిలోనే పడి, పైగా ఆ 1.2 అదనంగా చేరుతుంది. బావిలో నీళ్లు తోడి అదే బావిలో పోస్తే నీటిమట్టం మారదు. ఇక్కడ తోడిన దానికంటే ఎక్కువ పోస్తున్నాం.

పక్క గదిలోకి వదిలితే ఆ వేడి అక్కడే ఉండిపోతుందని నేను అనుకున్నాను, మీరూ అలాగే అనుకుంటున్నట్టున్నారు. ఒంటి గొట్టం ఉన్న యంత్రం తన కండెన్సరును, అంటే తోడిన వేడిని వదిలే భాగాన్ని, చల్లబరచుకోవడానికి గదిలోని గాలినే పీల్చి, దాన్ని వేడిచేసి బయటికి నెడుతుంది. గంటకు 300 ఘనమీటర్ల గాలి అలా బయటికి పోతోందనుకుంటే, మూడు మీటర్ల వెడల్పు, నాలుగు మీటర్ల పొడవు, మూడు మీటర్ల ఎత్తు ఉన్న గదిలోని గాలి గంటలో ఎనిమిది సార్లకు పైగా ఖాళీ అయినట్టు లెక్క. గది ఖాళీగా ఉండదు కదా, పోయినంత గాలి ఏదో ఒక సందులోంచి తిరిగి రావాలి. మీ గదికి ఉన్న దారి హాలు వైపు తలుపు ఒక్కటే అయినప్పుడు, గొట్టం హాలులో వదిలిన వేడిగాలే తలుపు కిందినుంచి మళ్లీ మీ గదిలోకి వస్తుంది. నా దుప్పటిని తలుపు సందులోకి లోపలివైపు లాగుతున్న గాలిని చేతితో తాకి చూసిన రోజున నాకీ సంగతి అర్థమైంది. సందులన్నీ మూసేయడం దీనికి పరిష్కారం కాదు, గాలి అందక కండెన్సరు వేడెక్కిపోయి, కంప్రెసరు తనను కాపాడుకోవడానికి మధ్యమధ్యలో ఆగిపోతుంది.

ఈ లోపం గొట్టాన్ని ఆరుబయటికి పెట్టినా కొంత ఉంటుంది. గది కంటే పది డిగ్రీలు వేడిగా ఉన్న గాలి గంటకు 300 ఘనమీటర్ల చొప్పున లోపలికి వస్తే, అది మోసుకొచ్చే వేడి దాదాపు ఒక కిలోవాటు. గాలిలో తేమ ఉంటే ఇంకా ఎక్కువ. అంటే మీరు 3.5 కిలోవాట్లకు డబ్బు చెల్లించి అందులో మూడో వంతుకు దగ్గరగా ఇక్కడే పోగొట్టుకుంటున్నారు. అమెరికా ఇంధన శాఖ 2016లో పోర్టబుల్ ఏసీలకు వేరే పరీక్షా పద్ధతిని నిర్ణయించినప్పుడు, ఇలా చొరబడే గాలినీ, గొట్టం గోడల నుంచి గదిలోకి చేరే వేడినీ కూడా లెక్కలోకి తీసుకుంది. అందుకే అక్కడ అమ్మే యంత్రాల పెట్టెల మీద చల్లబరిచే సామర్థ్యాన్ని చెప్పే పాత అంకె పక్కనే చాలా చిన్న అంకె మరొకటి కనిపిస్తుంది. కొనేటప్పుడు నమ్మవలసింది ఆ చిన్న అంకెనే.

ఇక్కడ ఒక ప్రమాదం గురించి తప్పకుండా చెప్పాలి. యంత్రం గాలిని బయటికి నెట్టేకొద్దీ ఇంట్లో గాలి ఒత్తిడి కొద్దిగా తగ్గుతుంది. ఇంట్లో గ్యాస్ గీజరు గానీ, పొగగొట్టం ద్వారా బయటికి వదిలే మరే మంట గానీ ఉంటే, పైకి పోవలసిన పొగ వెనక్కి ఇంట్లోకి రావచ్చు. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగూ వాసనా ఉండవు, అది మనిషి ప్రాణం తీస్తుంది. అలాంటి పరికరం ఉన్న ఇంట్లో, ఆరుబయటి గాలి రావడానికి విడిగా ఒక దారి ఉంచకుండా ఒంటి గొట్టం ఏసీని దయచేసి నడపకండి.

చాలామంది సూచించే మిగతా ఉపాయాల్లో ఫాల్స్ సీలింగు పైకి వదలడం నేను ప్రయత్నించాను. గాలి బయటికి పోయే దారి లేని చోట వేడి అక్కడే నిలిచి పైకప్పు నుంచి మళ్లీ కిందికి దిగుతుంది. అంతకంటే చెడ్డ విషయం తేమ: చాలా పోర్టబుల్ ఏసీలు గది గాలిలోని తేమ నుంచి పట్టిన నీటిని కండెన్సరు మీద చల్లి, ఆవిరిగా మార్చి గొట్టంలోంచే పంపుతాయి. రెండు వారాల్లో సీలింగు పలకల అంచున మరకలు కనిపించి ఆపేశాను. గొట్టం చివరను నీళ్ల బకెట్లో పెట్టడం గురించి ఎక్కువ చెప్పవలసినది లేదు. అన్ని కిలోవాట్ల వేడికి ఒక బకెట్ నీళ్లు కాసేపట్లోనే వేడెక్కుతాయి, పైగా గదిలో ఉక్క పెరుగుతుంది. గొట్టానికి గొట్టం అతికించి పొడిగించడం కూడా మంచిది కాదు, ఎందుకంటే లోపలి ఫ్యాను ఆ పొడవుకు తగ్గ బలంతో చేసినది కాదు.

నాకు చివరికి పనిచేసినది ఇది. ఇంటి యజమానిని ఒప్పించి కిటికీ గాజు పలకను జాగ్రత్తగా తీయించి, దాని స్థానంలో అదే కొలతకు కోయించిన ప్లైవుడ్ పలక బిగించి, దానిలో గొట్టం పట్టేంత గుండ్రటి రంధ్రం చేయించాను. యంత్రాన్ని కిటికీకి ఆనించినంత దగ్గరగా జరిపి, గొట్టాన్ని వంపులు లేకుండా ఎంత కురచగా వీలైతే అంత కురచగా ఉంచి, దాని చుట్టూ వేడిని ఆపే ఫోమ్ చుట్టాను. చెయ్యి పెడితే చుర్రుమనే ఆ గొట్టం గదిలో ఒక చిన్న హీటరు లాంటిదే కనుక ఆ ఫోమ్ ఎంతో ఉపయోగపడింది. ఆ తరువాత హాలు వైపు సందును మూసి, ఎండ తగలని వెనుక గది తలుపును మాత్రం కొద్దిగా తెరిచి ఉంచాను, లోపలికి వచ్చే గాలి ఎలాగూ రాక తప్పదు కనుక అది ఇంట్లో అన్నిటికంటే చల్లగా ఉన్న చోటు నుంచి రావాలని. అదే యంత్రంతో, అంతే ఎండలో, మధ్యాహ్నం గది 28 డిగ్రీల దగ్గర నిలిచింది.

మీరు ఇంకా యంత్రం కొనకపోతే రెండు గొట్టాలది చూడండి. అది కండెన్సరుకు కావలసిన గాలిని బయటినుంచే తీసుకుని బయటికే వదులుతుంది కనుక గది గాలిని అంతగా లాగదు. రెండు గొట్టాల నోళ్లు మాత్రం ఒకదానికొకటి దూరంగా ఉండాలి. కిటికీని కదపడం అసలు వీలుకాకపోతే, తలుపు పైన బయటికి తెరుచుకునే వెంటిలేటరు ఉందేమో చూడండి, లేదా గోడలో తీగలూ పైపులూ లేని చోట రంధ్రం చేయించడానికి యజమాని అనుమతి అడగండి. ఇవేవీ కుదరని గదికి పోర్టబుల్ ఏసీ కొనవద్దనే నా అభిప్రాయం. ఇప్పటికే కొని ఉంటే, రేపు యంత్రం నడుస్తున్నప్పుడు సన్నని కాగితపు ముక్కను తలుపు అడుగునా, గోడ మూలలా, స్విచ్‌బోర్డు పక్కనా పట్టి చూడండి. కాగితం గది లోపలికి ఊగే ప్రతి చోటునూ గుర్తుపెట్టుకుని, ఆ సందుకు అవతల ఏ గది ఉందో, గొట్టం నోరు ఎటు ఉందో ఇక్కడ రాస్తే, ఏది మూయాలో ఏది తెరిచి ఉంచాలో ఆలోచించి చెబుతాను.