‘మా పరిధి కాదు’ అంటే ఏమన్నట్టు?

సందేహం: మాస్టారూ, మాది రాజాం. మొన్న మా తమ్ముడు శ్రీకాకుళంలో విజయనగరం బస్సెక్కాడు. రణస్థలం దాకా చేతిలోనే ఉన్న ఫోను నాతవలస వచ్చేసరికి లేదు. స్టేషన్‌కి వెళితే ‘ఇది మా పరిధి కాదు బాబూ, అటు ఎల్లండి’ అన్నారట. అటు వెళితే వాళ్ళదీ అదే పాట. ఇంటికొచ్చి పేపర్లు తిరగేస్తే ఒకచోట ‘న్యాయ పరిధి’, ఇంకోచోట ‘అధికార పరిధి’, మరోచోట ‘కోర్టుకు పరిధి లేదు’ అని కనిపించింది. ఏది సరైనది? పరిధి, సరిహద్దు ఒకటేనా?

సమాధానం: ఫోను సంగతికి తర్వాత వస్తాను, ముందు మాట సంగతి చూద్దాం.

పరిధి సంస్కృతపు మాట. ‘పరి’ అంటే చుట్టూ, ‘ధా’ అంటే ఉంచడం. చుట్టూ ఉంచినది పరిధి. యజ్ఞంలో అగ్ని చుట్టూ పెట్టే కర్రలకి ఈ పేరుంది. పురుషసూక్తంలో ‘సప్తాస్యాసన్ పరిధయః’ అని గుళ్ళో వింటూనే ఉంటాం. చంద్రుడి చుట్టూ కట్టే వరదగుడినీ సంస్కృతంలో పరిధే అంటారు. లెక్కల మాస్టారు బోర్డు మీద సున్నా చుట్టి ‘ఇది వృత్త పరిధి’ అన్నదీ ఈ అర్థంలోనే. మొత్తానికి అదొక వలయం. వలయానికి లోపల, బయట ఉంటాయి గానీ పైన, కింద ఉండవు. అందుకే ‘ఈ కేసు ఫలానా కోర్టు పరిధి కిందకి వస్తుంది’ అని రాస్తే నాకు పంటికింద రాయి తగిలినట్టుంటుంది. పరిధిలోకి వస్తుంది అనాలి. ‘కింద’ కావాలనుకుంటే ‘ఏలుబడి కింద’ అనండి. ‘తన పరిధి మేరకు’ అనేది మరీ పాతుకుపోయింది. మేర అన్నా హద్దే, పొలిమేరలో ఉన్నది ఆ మేరే. హద్దుకి మళ్ళీ హద్దు దేనికి? రాసేవాళ్ళని ఆపలేను, నేను మాత్రం రాయను.

సరిహద్దు వేరు. దాన్ని ‘సరి’ అయిన ‘హద్దు’ అని విడదీసి చెబుతుంటారు గానీ, అది పార్సీలోని ‘సర్‌హద్’ మన నోట్లో పడి అలా తిరిగింది. హద్దు అరబ్బీ నుంచి వచ్చింది. సరిహద్దు అన్నాక అవతల ఇంకొకరు ఉండాలి. గట్టు దగ్గర పక్క రైతుతో సరిహద్దు తగాదా పడతాం, పరిధి తగాదా పడం. సరిహద్దు తేలకపోతే మాత్రం పరిధులు ఒకదాని మీద ఒకటి ఎక్కుతాయి. సాలూరు అవతలి కొటియా గ్రామాలు చూడండి. ఆ ఇరవైయొక్క ఊళ్ళూ మావంటే మావని మనమూ ఒడిశా ఏళ్ళ తరబడి అంటున్నాం. 2021లో మనవాళ్ళు అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్ళింది.

అచ్చ తెలుగులో హద్దుని ఎల్ల అంటాం. మీ తమ్ముడితో అన్న ‘ఎల్లండి’ ఆ ఎల్ల కాదు లెండి. మన వైపు ‘వెళ్ళండి’లో వకారం జారిపోయి అలా వినిపిస్తుంది. పాపం, మీ వాణ్ణి ఎల్ల దాటించడానికే ఆ మాట వాడారు.

ఇక కోర్టుల సంగతి. కోర్టు పరిధి అని మనం అంటున్నదాన్ని ఇంగ్లీషులో జ్యూరిస్డిక్షన్ అంటారు. ఆ మాట లాటిన్ నుంచి వచ్చింది, దానికి మొదటి అర్థం ‘న్యాయం పలకడం’. మనం ‘తీర్పు చెప్పారు’ అంటామే, దానికి దగ్గరగా ఉంది. ఫలానా తగాదా విని, తీర్పు చెప్పే అధికారం ఎవరికి, ఎంతవరకు అన్నదే విషయం. కాబట్టి అధికారం అన్న మాట ఉండి తీరాలి. ‘అధికార పరిధి’ బాగుంది, ‘విచారణాధికారం’ ఇంకా తేటగా ఉంది. ‘న్యాయ పరిధి’ అంటే న్యాయమే ఆ గీత దగ్గర ఆగిపోతుందన్నట్టు వినిపిస్తుంది. ‘కోర్టుకు పరిధి లేదు’ అన్నది వీటన్నిటికంటే చిత్రమైనది. హద్దే లేదు, ఏ కేసైనా వినొచ్చు అనే అర్థం వస్తుంది. రాసినాయన ఉద్దేశానికి సరిగ్గా ఎదురు! ‘ఆ కేసు కోర్టు పరిధిలోకి రాదు’ అంటే సరిపోయేది.

పాత పాలనలో తాలూకా, ఇలాకా అన్న మాటలుండేవి. రెండూ అరబ్బీలో ‘సంబంధం’ అనే ధాతువు నుంచి పుట్టినవే. పెళ్ళిలో ‘వీళ్ళు మా తాలూకు’ అని పరిచయం చేస్తామే, ఆ తాలూకూ ఈ తాలూకా ఒకే ఇంటివి. కోర్టు ముందుగా చూసేదీ అదే: ఈ తగాదాకి, నాకు ఏమిటి సంబంధం?

ఆ సంబంధం చోటుని బట్టి, సొమ్ముని బట్టి, సంగతిని బట్టి, అంటే తగాదా ఏ రకందో దాన్ని బట్టి, తేలుతుంది. రాజాంలో పొలం ఉండి, అన్నదమ్ములిద్దరూ హైదరాబాద్‌లో స్థిరపడ్డా, ఆ పొలం పంపకాల దావా పొలం ఉన్నచోటే వెయ్యాలి. 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ అలా చెప్పింది. చేబదులు బాకీ అయితే ప్రతివాది ఉండే చోట గానీ, లావాదేవీ జరిగిన చోట గానీ వేసుకోవచ్చు. సరుకు కొని మోసపోతే 2019 వినియోగదారుల చట్టం మీరున్న జిల్లాలోనే ఫిర్యాదు చెయ్యనిస్తుంది. 2022 ఏప్రిల్ 4న మీ రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరం జిల్లాలోకి మారిందే, రెవెన్యూ జిల్లా మారినంత మాత్రాన కోర్టుల పరిధి దానంతటది మారిపోదు. దానికి వేరే ఉత్తర్వు కావాలి.

చోటు గురించిన అభ్యంతరం మొదట్లోనే చెప్పాలి. అంతా విని, ఓడిపోయాక ‘అసలు ఇక్కడ వెయ్యకూడదు’ అంటే మామూలుగా చెల్లదు. సంగతి విషయంలో అలా కాదు. వినే అధికారమే లేని కోర్టుకి వాదీ ప్రతివాదీ కూడబలుక్కుని ఒప్పుకున్నా అధికారం రాదు. అలాంటి డిక్రీ పుట్టుకతోనే చెల్లనిదని సుప్రీంకోర్టు 1954లోనే చెప్పింది.

ఇక్కడ పేపర్లవాళ్ళు తరచూ చేసే ఇంకో తప్పు ఉంది. కేసు తన పరిధిలోకి రాకపోతే సివిల్ కోర్టు దావాని వాపసు ఇస్తుంది. ఎప్పుడు వేశారో, ఎప్పుడు తిరిగిచ్చారో, ఎందుకిచ్చారో జడ్జిగారు కాగితం మీదే రాసిస్తారు. దాన్ని పట్టుకెళ్ళి సరైన కోర్టులో వేసుకోవడమే. మర్నాడు పేపర్లో ‘దావా కొట్టివేత’ అని హెడ్డింగు! కొట్టేశారంటే ఊళ్ళో అందరూ ఓడిపోయాడనుకుంటారు. వాపసుకీ కొట్టివేతకీ ఉన్న తేడా ఆ మనిషి పరువుకి సంబంధించినది.

ఇప్పుడు ఫోను. ‘మా పరిధి కాదు’ అన్నది భాష లెక్కన కొంచెం వంకర, ‘మా పరిధిలోది కాదు’ అనాలి. చట్టం లెక్కన మరీ వంకర. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ప్రకారం, దొంగతనంలాంటి నేరం ఎక్కడ జరిగినా మీరు వెళ్ళిన స్టేషన్‌లోనే ఫిర్యాదు తీసుకోవాలి. అక్కడ నమోదు చేసి, చూడాల్సిన స్టేషన్‌కి వాళ్ళే పంపుతారు. జీరో ఎఫ్‌ఐఆర్ అంటున్నది దీన్నే. పైగా ప్రయాణంలో జరిగిన నేరాన్ని, ఆ ప్రయాణం ఏయే కోర్టుల పరిధుల మీదుగా సాగిందో వాటిలో ఏదైనా విచారించవచ్చని అదే చట్టం 203వ సెక్షన్ చెబుతోంది. అంటే మీ తమ్ముడి విషయంలో శ్రీకాకుళమూ పనికొస్తుంది, విజయనగరమూ పనికొస్తుంది.

ఏ సీట్లో, ఏ ఊరి దగ్గర పోయిందో తెలియదని మీ వాడు టెన్షన్ పడక్కర్లేదు. ‘ఫలానా తేదీ, ఫలానా టైముకి శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో బస్సెక్కాను, రణస్థలం దాటి నాతవలస వచ్చేలోపు ఫోను పోయింది’ అని రాసి, టికెట్ జత చేసి ఇమ్మనండి. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి, అడిగి తీసుకోమనండి. పరిధి అన్న మాట ఆ కాగితంలో ఎక్కడా రాయనక్కర్లేదు.