హంతకుడెవరో మొదట్లోనే తెలిసిపోతే అది మిస్టరీ నవల అవుతుందా?

మామూలుగా అవదు, దాన్ని క్రైమ్ నవల అనడమే సరి. ఈ రెంటినీ ఒకే గాటన కట్టడం వల్లే ‘ఏది గొప్ప నవల’ అన్న వాదన తెగదు.

మిస్టరీలో రచయిత నేరస్థుణ్ణి దాచి, ఆధారాలు మాత్రం పాఠకుడి కళ్లముందే పెడతాడు. అయిపోయాక వెనక్కి తిప్పి చూస్తే అవన్నీ అతకాలి. ఆఖరి అధ్యాయంలో ఎవరో కొత్త మనిషిని తెచ్చి నేరం అంటగడితే అది పాఠకుణ్ణి మోసం చేయడమే. క్రైమ్ నవలకు ఆ కట్టుబాటు లేదు. ఎందుకు చేశాడు, చేశాక ఏమైపోతాడు అన్నవే దాన్ని నడిపిస్తాయి.

1866లో వచ్చిన రష్యన్ రచయిత దొస్తోయెవ్‌స్కీ నవల ‘నేరము-శిక్ష’ చూడండి. ఆరు భాగాల్లో మొదటిది ముగిసేలోపే కథానాయకుడు రస్కోల్నికోవ్ రెండు హత్యలు చేసేస్తాడు. బయట ఎవరో గంట కొట్టి తలుపు గుంజుతుంటారు, లోపల కొక్కెం కదులుతుంటుంది, గొడ్డలితో అతను ఊపిరి బిగబట్టి నిలబడతాడు. దాచినదేమీ లేకపోయినా మనకి చెమటలు పట్టేది అక్కడే! దర్యాప్తు అధికారి పోర్ఫిరీ తర్వాత వస్తాడు. అతని ఆయుధం మాటలే, భౌతిక సాక్ష్యం కాదు.

సాహిత్య విలువ ఉంటే చిక్కుముడి బలహీనంగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది అపోహ. బిగువైన చిక్కుముడి వల్ల విలువ తగ్గదు. పాత్రకి తగిన కారణం లేకుండా, కేవలం మలుపు కోసం చంపించినప్పుడు తగ్గుతుంది.