బత్తాయి, కమల, పంపర పనస: ఓవెన్‌లో కాల్చి పొద్దున్నే తినవచ్చా?

గ్రేప్‌ఫ్రూట్‌ను సగానికి కోసి, పైన పంచదార చల్లి ఓవెన్‌లో కాల్చడం వీడియోలో చూశాననీ, ఆ పండు మన వైపు దొరకదు కనుక బత్తాయితోనో కమలాపండుతోనో పెరట్లో కాసే పంపర పనసతోనో అదే పద్ధతిలో చేయవచ్చా అనీ మీరు అడిగారు. రక్తపోటుకూ కొలెస్ట్రాల్‌కూ మాత్రలు వాడుతున్న మీ నాన్నగారు చలికాలం ఉదయాన్నే చల్లటి పండు తినలేకపోతున్నారనీ, మిఠాయిలు తగ్గించమని వైద్యులు చెప్పారనీ, రాత్రే చేసి ఉంచి పొద్దున వేడి చేసి ఇవ్వవచ్చా అనీ కూడా రాశారు. మేము కోనసీమలో, అమలాపురానికి దగ్గరి పల్లెలో ఉంటాం. మా ఇంట్లో చలి మొదలైందంటే కాల్చిన బత్తాయి ఉదయపు ఫలహారంలో భాగం కనుక, అనుభవంలో తెలిసినది వివరంగా రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు మీ నాన్నగారి సంగతి. ఆయనకు బత్తాయి గాని కమల గాని ఇవ్వండి. పంపర పనసను మాత్రం వైద్యులను అడగకుండా పెట్టవద్దు. మీరు వీడియోలో చూసిన గ్రేప్‌ఫ్రూట్‌కు పంపర పనస తల్లి వరస అవుతుంది. పంపర పనసకూ తీపి నారింజకూ కలిసిన సంకరంగా ఆ పండు 18వ శతాబ్దంలో వెస్టిండీస్‌లోని బార్బడోస్ దీవిలో పుట్టింది. ఈ రెండు పండ్లలోనూ ఫ్యూరనోకౌమరిన్లు అనే పదార్థాలుంటాయి. మనం మింగిన మాత్రలో కొంత భాగాన్ని రక్తంలోకి చేరకముందే విరిచేసే ఎంజైము ఒకటి పేగుల గోడల్లో ఉంటుంది, ఈ పదార్థాలు దానిని పనిచేయకుండా ఆపుతాయి, అందువల్ల వేసుకున్నది ఒక్క మాత్రే అయినా రక్తంలోకి చేరే మందు మోతాదు పెరిగిపోతుంది. కెనడాలో కొందరు పరిశోధకులు ఫెలోడిపిన్ అనే రక్తపోటు మందుపై మద్యం ప్రభావాన్ని పరీక్షిస్తూ, మద్యం రుచి తెలియకుండా ఉండేందుకు గ్రేప్‌ఫ్రూట్ రసం కలిపినప్పుడు ఈ సంగతి అనుకోకుండా బయటపడి, 1989లో ప్రచురితమైంది. కొలెస్ట్రాల్‌కు వాడే సిమ్వాస్టాటిన్, అటోర్వాస్టాటిన్‌లకూ ఈ ఇబ్బంది ఉంది. మాత్ర రాత్రి వేసుకుని పండు పొద్దున తింటే సరిపోతుందని కొందరు అనుకుంటారు గాని, ఎంజైము తిరిగి కోలుకోవడానికి ఒక రోజుకు పైగానే పడుతుంది. పైనుంచి ఏడెనిమిది నిమిషాలు వేడి తగిలినంత మాత్రాన ఆ గుణం పోతుందని నమ్మడానికి లేదు. బత్తాయి, కమలలతో ఈ బాధ లేదు. మా మావయ్యగారు కూడా అటోర్వాస్టాటిన్ వాడతారు కనుక మా ఇంట్లో ఆయన పళ్లెంలోకి ఎప్పుడూ బత్తాయే వెళుతుంది, పంపర పనస మిగిలినవాళ్లం తింటాం.

ఇక కాల్చడం గురించి. ఈ వంటకంలో పండును ఉడికించకూడదు. పై ముఖం వరకు బంగారు రంగులో కాలి, లోపలి తొనలు గోరువెచ్చగా, రసం ఊరుతూ ఉండాలి. దీనికి రెండు కారణాలున్నాయి. మొదటిది చేదు. నిమ్మజాతి పండ్ల గుజ్జులో, గింజల్లో, తొనల పొరల్లో ఒక రుచిలేని పదార్థం ఉంటుంది. పండు కోసినా పిండినా అది పులుపుతో కలిసి మెల్లమెల్లగా లిమోనిన్ అనే చేదు పదార్థంగా మారుతుంది, వేడి తగిలితే ఆ మార్పు మరింత వేగంగా జరుగుతుంది. పొద్దున పిండిన బత్తాయి రసం మధ్యాహ్నానికి చేదెక్కడం మనందరికీ తెలిసినదే. పండును అరగంట సేపు ఓవెన్‌లో ఉంచమని చెప్పే వంటకాలను నేను అందుకే నమ్మను. రెండవది విటమిన్ సి. అది వేడికి తగ్గే పోషకం. ఎంత తక్కువ సేపు, ఎంత పైపైన వేడి తగిలితే అంత ఎక్కువ మిగులుతుంది.

పైనుంచి వేడి ఇవ్వడం మన గోదావరి జిల్లాలవారికి కొత్త విద్యేమీ కాదు. దిబ్బరొట్టెకు మందపాటి గిన్నెలో మినప్పిండి పోసి, మూత మీద కొబ్బరిచిప్పల నిప్పులు పరిచి, పై భాగం ఎర్రగా కాలేలా చేసేవారు గదా. ఓటీజీ అనే చిన్న కరెంటు ఓవెన్‌లో పై రాడ్డు చేసే పని అదే. కింది రాడ్డు ఆపేసి, పై రాడ్డు మాత్రమే వేసి, పది నిమిషాలు ముందుగా వేడెక్కనివ్వండి. ఉష్ణోగ్రత ఆ యంత్రంలో ఉన్నంత ఎక్కువకు, సాధారణంగా 230 నుంచి 250 డిగ్రీల దాకా తిప్పి, పండు ముఖానికీ రాడ్డుకూ మధ్య మూడు వేళ్ల ఎడం ఉండేలా జాలీని పై మెట్టులో అమర్చండి. ఓటీజీతో వచ్చే పళ్లెం అల్యూమినియందైతే పండును నేరుగా దాని మీద పెట్టవద్దు, పులుపుకు అల్యూమినియం కరిగి రుచి పాడవుతుంది. స్టీలు పళ్లెం మంచిది.

బత్తాయి ఎంపికలో కొంచెం శ్రద్ధ కావాలి. మన బజారులోకి నల్గొండ, అనంతపురం వైపు తోటల నుంచి వచ్చే సాత్‌గుడి రకం, పేరుకు బత్తాయి అయినా, జాతి ప్రకారం తీపి నారింజే. విదేశీ వంటల్లో ఆరెంజ్‌తో చేసేవన్నీ దానితో చేసుకోవచ్చు. తొక్క నున్నగా, పలచగా ఉండి, చేతిలో పెట్టుకుంటే పరిమాణానికి మించిన బరువుగా అనిపించే కాయను తీసుకోండి. తొక్క మందంగా, గరుకుగా ఉన్న కాయలో తెల్ల బెండు ఎక్కువ, రసం తక్కువ. తొక్కతోనే వేడి చేస్తాం కనుక గోరువెచ్చటి నీళ్లలో పీచుతో బాగా రుద్ది కడగాలి; దూరం నుంచి వచ్చే పండ్లకు మైనం పూసి ఉండవచ్చు.

కాయను నిలువునా కాకుండా అడ్డంగా కోయాలి. అప్పుడు తొనలు చక్రంలా కనిపిస్తాయి, గింజలు చాకు మొనతో తేలికగా వస్తాయి. గింజ ఒక్కటి కూడా మిగలనివ్వకండి, చేదు ఎక్కువగా ఉండేది అందులోనే. సగం చెక్క బోర్లపడకుండా నిలబడేందుకు అడుగున తొక్కను రూపాయి బిళ్లంత మేర చెక్కేయండి, గుజ్జు మాత్రం బయటపడకూడదు. తరువాత చిన్న చాకును తొక్క లోపలి అంచు వెంట ఒకసారి చుట్టూ తిప్పి, ఒక్కొక్క తొనకూ పక్క పొరకూ మధ్య గాటు పెడితే తినేటప్పుడు చెంచాతో తొన విడిగా లేస్తుంది. ఆ మీదట అందరూ వదిలేసే ఒక పని ఉంది. కోసిన ముఖాన్ని శుభ్రమైన పొడి గుడ్డతో ఒత్తి తడి తీసేయండి. తడి ఉన్నంతసేపూ ఆ ముఖంలోని వేడి, నీరు మరిగే స్థాయిని దాటి పైకి పోదు, పైన చల్లే బెల్లం పాకమై కారిపోతుంది తప్ప ఎర్రబడదు.

పంచదార బదులు నేను బెల్లం పొడి వాడతాను, తాటిబెల్లం దొరికితే ఇంకా బాగుంటుంది. బెల్లం పంచదార కంటే త్వరగా రంగు తిరుగుతుంది, అంతే త్వరగా మాడుతుంది కనుక ఓవెన్ ముందు నుంచి కదలకూడదు. సగం చెక్కకు అర చెంచా చాలు. దాంతోపాటు చిటికెడు శొంఠిపొడి, రవ్వంత ఉప్పు చల్లండి. ఉప్పు చేదును అణచి తీపిని పైకి తెస్తుంది, అందువల్ల బెల్లం తగ్గించినా తెలియదు. ఐదు నిమిషాలకు బెల్లం కరిగి నురగలా పొంగుతుంది, ఏడెనిమిది నిమిషాలకు తొనల కొసలు అక్కడక్కడా ముదురు గోధుమ రంగుకు తిరుగుతాయి. తొక్కలోని నూనె వేడెక్కి ఇల్లంతా వాసన వచ్చే సమయమూ అదే. వెంటనే తీసేసి మూడు నిమిషాలు ఆగండి, కరిగిన బెల్లం నోరు కాలుస్తుంది. సాత్‌గుడిలో పులుపు తక్కువ కనుక వేడి చేశాక చప్పబడినట్లు అనిపిస్తుంది. తినే ముందు నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే ఆ లోటు తీరుతుంది.

చలికాలంలో వచ్చే నాగపూర్ కమలకు తొక్క వదులుగా ఉంటుంది కాబట్టి సగం చెక్కగా కాలిస్తే తొక్క ముడుచుకుపోయి రసం పళ్లెంలోకి కారుతుంది. దానిని ఒలిచి, నారలు తీసి, అడ్డంగా వేలు మందాన చక్రాలుగా కోసి పరిస్తే ఐదు నిమిషాల్లో అయిపోతుంది.

పంపర పనస పద్ధతి వేరు, నాకు అన్నిటికంటే ఇష్టమైనదీ అదే. వినాయక చవితికి పాలవెల్లికి కట్టే కాయలు తరచుగా పూర్తిగా పండకముందే కోసినవి, పులుపూ చేదూ ఎక్కువ. అదే చెట్టున కార్తికం దాకా ఉంచిన కాయలో తీపి నిలుస్తుంది. దానిని సగానికి కోసి కాల్చడం వల్ల ప్రయోజనం లేదు. వేలెడు మందం బెండు అడ్డుపడుతుంది, పైగా బెండులోనూ తొనల పొరల్లోనూ నారింజిన్ అనే మరో చేదు పదార్థం ఉంటుంది. అందుకని తొక్కా బెండూ ఒలిచి, తొనలు విడదీసి, ప్రతి తొన వీపు మీద పొరను గోటితో చీల్చి పూర్తిగా తీసేయండి. లోపలి ముత్యాలు చెదరకుండా తీయడానికి ఓపిక కావాలి, కానీ రుచి అంతా ఆ ఓపికలోనే ఉంది. అలా తీసిన గుజ్జును స్టీలు పళ్లెంలో పలచగా పరిచి, పైన తాటిబెల్లం పొడి, పచ్చికొబ్బరి కోరు, దంచిన యాలకులు చల్లి, పై రాడ్డు కింద ఆరు నిమిషాలు ఉంచితే కొబ్బరి అంచులు వేగి, కింద గుజ్జు వెచ్చబడుతుంది. ఎర్ర గుజ్జు రకమైతే చూపుకు కూడా ఎంతో బాగుంటుంది. భోజనం తరువాత తీపిగా అతిథులకు పెట్టేటప్పుడు నేను దాని మీద ఒక ఆత్రేయపురం పూతరేకును చేత్తో నలిపి వేస్తాను, వడ్డించే క్షణంలోనే వేయాలి, ఆలస్యమైతే మెత్తబడుతుంది.

ఓటీజీ లేనివారు నాన్‌స్టిక్ పెనం మీద చుక్క నెయ్యి రాసి, బత్తాయి చెక్కను బెల్లం లేకుండా బోర్లించి రెండు నిమిషాలు కాల్చి, తిప్పాక బెల్లం చల్లుకోవచ్చు. ఇనుప అట్లపెనం వద్దు, పులుపుకు ఇనుము రుచి అంటుతుంది.

ఆరోగ్యం విషయంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. కాల్చినంత మాత్రాన పండుకు కొత్త గుణాలేమీ రావు, బెల్లం కూడా చక్కెరే. తీపి నారింజలో వంద గ్రాములకు సుమారు తొమ్మిది గ్రాముల చక్కెర, 50 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటాయి. పెద్ద మగవారికి రోజుకు 80 మిల్లీగ్రాముల విటమిన్ సి కావాలని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించింది. రసం తీసి వడకడితే పోయే పీచు, ఇలా తొనలతో తింటే కడుపులోకి చేరుతుంది, అర చెంచా బెల్లంతో తీపి కోరికా తీరుతుంది. మీ నాన్నగారికి మధుమేహం కూడా ఉంటే బెల్లం పూర్తిగా మానేసి శొంఠి, ఉప్పు మాత్రమే చల్లండి. ఒక్క పండుతో ఆకలి తీరదు కనుక మేము పక్కన ఒక పెసరట్టు గాని, వడకట్టిన గడ్డపెరుగులో వేయించిన వేరుసెనగపప్పు కలిపి గాని పెడతాం. పెరుగును కాలిన పండు మీద వెంటనే పోయకండి, వేడికీ పులుపుకీ విరిగి నీళ్లు తేలుతుంది.

దబ్బకాయ గురించి మీరు అడగలేదు గాని, ఇక్కడివారు తప్పక అడుగుతారు. అది పులిహోరకూ ఊరగాయకూ తగినదే తప్ప కాల్చి తినడానికి పనికిరాదు. నిమ్మకాయను మాత్రం సగానికి కోసి పెనం మీద ఒక నిమిషం బోర్లిస్తే పులుపులో ఘాటు తగ్గి, రసం ధారగా వస్తుంది. చేప వేపుడు మీద పిండుకోవడానికి బాగుంటుంది.

రాత్రే చేసి పెట్టుకోవడం మాత్రం వద్దు. కాలిన పండు ఫ్రిజ్‌లో ఉన్నంతసేపూ పైన చెప్పిన చేదు పెరుగుతూనే ఉంటుంది, పొద్దున మళ్లీ వేడి చేస్తే మరింత పెరుగుతుంది, బెల్లం పొర కూడా కరిగి నీరవుతుంది. కాయను రాత్రి కడిగి తుడిచి, కోయకుండా ఫ్రిజ్ బయట ఉంచండి. గది వేడిలో ఉన్న పండు సమానంగా వెచ్చబడుతుంది. బెల్లం, శొంఠి, ఉప్పు కలిపి చిన్న సీసాలో పోసి ఉంచుకుంటే, పొద్దున ఓవెన్ వేడెక్కే పది నిమిషాల్లో కోయడం, గింజలు తీయడం, తుడవడం అన్నీ అయిపోతాయి, మీ నాన్నగారు కాఫీ తాగి లేచేలోగా పళ్లెం ఆయన ముందు పెట్టవచ్చు.